ఇద్దరి జీతాలూ వస్తున్నా ఇరవయ్యో తారీఖు దాటట్లేదు, లెక్క చూసి చెప్పండి

గోపాలపట్నం అమ్మాయి

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మొదటిసారి. మాది గోపాలపట్నం. నేను మహారాణిపేటలో ఒక ల్యాబ్‌లో బిల్లింగ్ కౌంటర్ చూస్తాను. కటింగులు పోను చేతికి 13,500. మా ఆయన పరవాడ వైపు ఫార్మా కంపెనీలో షిఫ్టు పని, చేతికి 21,800. పాప యూకేజీ. మొత్తం 35,300.

ఖర్చులు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. అద్దె నీళ్లతో కలిపి 8,500. కరెంటు 1,100 దాకా. కిరాణా 5,500, పాలు 1,800, కూరగాయలు చేపలు చికెన్ కలిపి 3,500. పాప ఫీజు నెలకు 2,500. బండి ఈఎంఐ 3,150, ఫోన్ ఈఎంఐ 1,900. క్రెడిట్ కార్డుకు మినిమమ్ 2,400 కడుతున్నాం, అసలు బాకీ 46,000 ఉంది. మా వీధిలో ఆంటీ దగ్గర చీటీ 2,500. మా అత్తగారికి ఊరికి 3,000. పెట్రోలు 1,500, రీచార్జులు నెట్టు 1,000. నేను పనికి బస్సులోనే వెళ్తాను, ఫ్రీ బస్సు వచ్చాక ఆ ఖర్చు లేదు.

సినిమాలకు, హోటళ్లకు తిరిగే మనుషులం కాదు. అయినా ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి ఇద్దరి అకౌంట్లలో కలిపి వెయ్యి కూడా ఉండదు. ఇంట్లో ఈ మాట ఎత్తితే చాలు గొడవ అవుతోంది. నా ఖర్చు అని ఆయన, వాళ్ల ఊరి ఖర్చు అని నేను. ఇంకా ఏం తగ్గించాలో నాకు తెలియడం లేదు.

దువ్వాడ కుర్రాడు

అక్కా, ఫోన్ ఈఎంఐ 1,900 ఎక్కువ కదా. ఇంకా ఎన్ని నెలలుంది?

లెక్కల పంతులు

అమ్మా, మీరు రాసినవన్నీ కలిపి కూడి చూశాను. 38,350 వచ్చింది. మీ ఆదాయం 35,300. అంటే ప్రతి నెలా 3,050 తక్కువ పడుతోంది. ఇందులో గ్యాసు లేదు, మందులు లేవు, పండగలు లేవు, చదివింపులు లేవు. ఆ తక్కువ పడ్డ మూడు వేలు ఎక్కడి నుంచి తెస్తున్నారు? నా అనుమానం కార్డు మీదే అని. ఒక చేత్తో 2,400 కట్టి, ఇంకో చేత్తో మూడు వేలు గీస్తున్నారు. అలాగైతే బాకీ ఎప్పటికీ తగ్గదు, పెరుగుతుంది.

ముందు ఇది ఔనో కాదో చెప్పండి. కూరల్లో ఎంత మిగల్చాలన్నది తర్వాత మాట్లాడుకుందాం.

గోపాలపట్నం అమ్మాయి

ఔనండీ. ఇరవై దాటాక కిరాణా, పెట్రోలు కార్డు మీదే. గ్యాసు కూడా. కూడి చూడమని నాకూ తోచలేదు, విడివిడిగా చూస్తే అన్నీ అవసరమైనవే అనిపిస్తాయి.

ఫోన్ ఇంకా నాలుగు నెలలు, బండి ఏడాది పైన.

ఆటోనగర్ అన్న

మా ఇంట్లో ఒకటే పద్ధతి. ఇద్దరి జీతం ఒక్క చోట, ఒక్క మనిషి చేతిలో. ఇద్దరు ఖర్చు పెడితే లెక్క నిలవదు. మీ జీతం ఆయనకిచ్చేయండి, ఆయన చూసుకుంటాడు. గొడవ ఉండదు.

ఎంవీపీ పిన్ని

ఆటోనగర్ అన్న గారూ, మీ ఇంట్లో కుదిరింది, సంతోషం. కానీ నెలకు మూడు వేలు తక్కువ పడుతున్నప్పుడు డబ్బు ఎవరి చేతిలో ఉన్నా తక్కువే పడుతుంది. పైగా రోజూ ఎనిమిది గంటలు నిలబడి సంపాదించిన పిల్ల, తన ఆటోకి పది రూపాయలు కూడా అడిగి తీసుకోవాలా? మేమూ అలాగే మొదలుపెట్టాం, రెండేళ్లు నడిచింది. ఆ తర్వాత ఇద్దరం చిన్న చిన్న ఖర్చులు దాచుకోవడం మొదలైంది. అప్పటి నుంచి ఇంటి ఖర్చుకని వేరే అకౌంటు పెట్టుకున్నాం. ఇద్దరం జీతం రాగానే మా వాటా అందులో వేస్తాం. ఎవరి దగ్గర వాళ్లకి కొంచెం మిగుల్తుంది, దాని లెక్క ఎవరూ అడగరు.

అమ్మాయ్, వాటా సగం సగం కాదు సుమా. జీతాన్ని బట్టి వెయ్యాలి. నువ్వు 13,500కి సగం ఇస్తే నీ చేతిలో చిల్లిగవ్వ ఉండదు.

బ్యాంకు బాబాయి

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఆ కార్డు గురించి రెండు మాటలు.

46,000 బాకీ మీద చాలా కార్డుల వడ్డీ నెలకు నూటికి 3.5 దగ్గర ఉంటుంది. అంటే 1,610. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 290. మొత్తం 1,900. మీరు కట్టే 2,400లో 1,900 వడ్డీకే పోతోంది, అసలులో తగ్గేది 500. ఆ తర్వాత మీరు మళ్లీ గీసేది 3,050. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: పాత బాకీ పూర్తిగా కట్టకుండా ఉంటే, కొత్తగా గీసిన దానికి వడ్డీ లేని గడువు ఉండదు. ఇరవై రెండో తారీఖున కొన్న నూనె ప్యాకెట్టుకి ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

మన ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీకి అప్పిస్తానంటే దండం పెట్టి వచ్చేస్తాం. కార్డు కాగితం మీద ‘కనీస మొత్తం’ అని రాసి ఉంటే మాత్రం గబుక్కున కట్టేస్తాం. మీ ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు ఆ బాకీయే. పాలు, చేపల జోలికి ముందు వెళ్లకండి.

దారులు మూడున్నాయి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ బాకీ తీర్చడం ఒకటి. బ్యాంకు గోల్డ్ లోను ఏడాదికి తొమ్మిది, పది శాతం దగ్గర దొరుకుతుంది. అదే 46,000కి నెల వడ్డీ నాలుగు వందల లోపే. లేదా కార్డు కంపెనీకే ఫోన్ చేసి బాకీని ఈఎంఐలుగా మార్చమనడం. వడ్డీ సగానికి సగం తగ్గొచ్చు, ప్రాసెసింగ్ చార్జీ ఎంతో ముందే అడగండి. మూడోది మీ చీటీ. అది ఎంతకి, ఎన్నో నెలలో ఉంది?

సాగరతీరం

బంగారం మాట అంత తేలిగ్గా చెప్పకండి బాబాయ్. మా అక్క వాళ్లు అలాగే గాజులు పెట్టి కార్డు కట్టారు. కార్డు అలాగే జేబులో ఉంది. ఏడాది తిరిగేసరికి కార్డు మళ్లీ నిండింది, గాజులు బ్యాంకులోనే ఉన్నాయి. పుట్టింటి వాళ్లు పెట్టిన వస్తువు అది. వేలం నోటీసు వచ్చిన రోజు ఇంట్లో ఏడుపు చూశాను నేను.

బ్యాంకు బాబాయి

సాగరతీరం గారు చెప్పింది నిజం, నేను కౌంటర్లో కూర్చుని అలాంటివి చాలా చూశాను. కార్డు వాడకం ఆపకుండా గోల్డ్ లోను తీసుకుంటే ఒక అప్పు రెండవుతుంది. తీసుకున్నా నెలనెలా కట్టే పద్ధతిలో తీసుకోవాలి, ఏడాది చివర ఒకేసారి కడదామంటే చాలామందికి కుదరదు. అందుకే చీటీ గురించి అడిగాను.

గోపాలపట్నం అమ్మాయి

బంగారం పెట్టడం నాకు ఇష్టం లేదండీ, ఉన్నదే కొంచెం. చీటీ 50,000ది, ఇరవై నెలలు. పదకొండు అయ్యాయి. పాప ఒకటో తరగతి అడ్మిషన్‌కి అని చివరిదాకా ఉంచుదామనుకున్నాను. చివర్లో ఎత్తితే మొత్తం వస్తుంది కదా.

పూర్ణా మార్కెట్

చెల్లెమ్మా, వచ్చే పాటలోనే చీటీ పాడెయ్యి. లెక్క చూడు. ఇప్పుడు పాడితే ఓ ఐదారు వేలు పోతాయనుకో. కార్డుకి నెలకు 1,900 వడ్డీ అని బాబాయి చెప్పారు. మూడు నెలల వడ్డీతో ఆ నష్టం తీరిపోతుంది. నీకింకా తొమ్మిది నెలలుంది. చీటీలో చివరిదాకా ఆగి నువ్వు మిగుల్చుకునేది ఒకటైతే, అటు కార్డు తినేది మూడు.

ఇంకో కారణం. ఆంటీ మంచావిడే కావచ్చు, కాదనను. కానీ రిజిస్టరు కాని చీటీకి చట్టం అండ ఉండదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరైన కంపెనీ అయితే రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్టు ఉంటుంది, అడగడానికి ఒక ఆఫీసు ఉంటుంది. ఇంటి చీటీల్లో మధ్యలో ఇద్దరు ఎగ్గొడితే నడిపే మనిషే మునిగిపోతుంది, ఆవిడ తప్పు లేకపోయినా. చివరి నెలల్లో ఉన్నవాళ్లకే దెబ్బ. మా బజార్లో అయిన సంగతులు నాకు తెలుసు.

ఇక్కడే ఇంకో మాట. ఇరుకున పడ్డామని డైలీ ఫైనాన్సు దగ్గరికి మాత్రం వెళ్లకు. పది వేలని చెప్పి ఎనిమిదిన్నర చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. వినడానికి వందే కదా అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూనే ఉంటుంది కాబట్టి లెక్కేస్తే ఏడాదికి నూటికి నూరు దాటుతుంది. ఫోన్లో వచ్చే లోన్ యాప్‌లు అంతకన్నా ఘోరం, కాంటాక్టులన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీస్తారు.

దువ్వాడ కుర్రాడు

చీటీ పాడినా నెలనెలా కట్టేది ఆగదు కదా అన్నా?

పూర్ణా మార్కెట్

ఆగదు తమ్ముడూ. 2,500 తొమ్మిది నెలలూ కట్టాలి. ఆగేది కార్డు 2,400.

కంచరపాలెం టీచరమ్మ

అత్తగారికి పంపే 3,000 గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆదాయమే 35 వేలు, మూడు వేలు తక్కువ. సరిగ్గా అంతే బయటికి వెళ్తోంది. ఆవిడకి పింఛను కూడా వస్తుంది కదా, ఎన్టీఆర్ భరోసా కింద ఇప్పుడు నెలకు 4,000. కొన్నాళ్లు ఆపమని ఆయనతో చెప్పలేరా?

ఎంవీపీ పిన్ని

టీచరమ్మ గారూ, లెక్క కుదిరిందని అమ్మకి పంపేది ఆపమంటారా? ఆ పిల్లాడు అసలు ఒప్పుకోడు, ఒప్పుకున్నా మనసులో పెట్టుకుంటాడు. రేపు అమ్మాయి తన తల్లికి ఏదైనా పంపాల్సి వస్తే అప్పుడేమంటాడు? కాపురంలో ముందు పెద్దవాళ్ల డబ్బు మీద చెయ్యి వెయ్యకూడదు.

కంచరపాలెం టీచరమ్మ

శాశ్వతంగా అనలేదండీ. బాకీ తీరే వరకు. మా ఇంట్లో మా అత్తగారే స్వయంగా ‘మీరు నిలదొక్కుకోండి ముందు’ అన్నారు. పెద్దవాళ్లకి చెబితే అర్థం చేసుకుంటారు. మనమే వాళ్లకి చెప్పకుండా లోపల నలుగుతాం.

పరవాడ బి షిఫ్ట్

నమస్కారం. నేను గోపాలపట్నం అమ్మాయి వాళ్ల ఆయన్ని. తనే చదవమంది. కొత్తగా ఐడీ చేసుకుని రాస్తున్నాను.

మా అమ్మది పాతపట్నం దగ్గర పల్లెటూరు. పింఛను వస్తుంది, దాంతోనే తిండి, కరెంటు వెళ్తాయి. నేను పంపే దాంట్లో బీపీ, షుగరు మందులకే 1,700 దాకా అవుతాయి. మిగతాది ఆటోలకి, డాక్టరు ఫీజుకి. దాన్ని ఆపలేను. మిగతా ఏ ఖర్చు గురించైనా మాట్లాడదాం.

ఇంకోటి, తను రాయలేదు. నా జీతం ఏడో తారీఖు నుంచి పదో తారీఖు మధ్యలో పడుతుంది. తనది ఒకటిన పడుతుంది. ఇంటాయనకి అద్దె ఐదు లోపు ఇవ్వాలి. బండి ఈఎంఐ ఐదున, ఫోనుది మూడున కట్ అవుతాయి. తన జీతం వచ్చిన నాలుగు రోజుల్లో మొత్తం ఖాళీ. నా జీతం వచ్చేదాకా కార్డే. తన జీతం అంతా అద్దెకీ నా ఈఎంఐలకీ పోయిందని తనకి బాధ. నా జీతం వచ్చేసరికి ఫీజు, కిరాణా, కార్డు, అమ్మ. నాకేం మిగల్లేదని నాకు. ఇద్దరం నిజమే చెబుతున్నాం.

లెక్కల పంతులు

బాబూ, నువ్వు రాయడం చాలా మంచి పని. నీ పోస్టు చదివాకే అసలు చిక్కు కనిపించింది. డబ్బు చాలకపోవడం ఒకటైతే, వచ్చే తేదీ పోయే తేదీ కలవకపోవడం ఇంకోటి. రెండూ కలిసి మీ ఇద్దరికీ గొడవలా కనిపిస్తున్నాయి.

ఈఎంఐ తేదీని పదో తారీఖు తర్వాతకి మార్చమని ఫైనాన్సు వాళ్లని అడుగు. కొందరు మారుస్తారు, కొందరు మార్చరు, అడిగితే పోయేదేం లేదు. కార్డు బిల్లింగ్ తేదీ మార్చుకునే వీలు కస్టమరుకి ఇవ్వాలని రిజర్వు బ్యాంకే చెప్పింది, అది కచ్చితంగా అవుతుంది.

గాజువాక గీత

అక్కా, నీ జీతంలో ఈఎస్ఐ కోస్తున్నారా? జీతం 21,000 లోపుంటే, ల్యాబ్‌లో పది మంది పైన పనిచేస్తుంటే ఉండాలి. నీ వాటా 0.75 శాతమే, వందకి ముప్పావలా. ఆయనకి, పాపకి కూడా వైద్యం వస్తుంది. మల్కాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. చాలామంది కటింగు చూసి ఊరుకుంటారు, ఈఎస్ఐ కార్డు తీసుకోరు. నేను మా బాబు జ్వరానికి బయట ఖర్చు పెట్టాక గానీ అడగలేదు.

గోపాలపట్నం అమ్మాయి

పేస్లిప్పు ఇప్పుడే తీసి చూశాను. కోస్తున్నారు! మొన్న వానాకాలంలో పాపకి డెంగ్యూ అని టెస్టులు, సెలైన్లు, అన్నీ కలిపి పద్నాలుగు వేలు కార్డు మీద పెట్టాం. రేపే హెచ్‌ఆర్‌ని అడుగుతాను.

గాజువాక గీత

ఆయన పేరు, పాప పేరు ఫొటోలతో సహా ఎక్కించమను. అది చెయ్యకపోతే కౌంటర్లో తిప్పుతారు.

ఎంవీపీ పిన్ని

బాబూ బి షిఫ్ట్, అమ్మగారి మందుల గురించి. బీపీ, షుగరు మాత్రలు మీ ఊరి పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు, ఆశా వర్కరుని అడగమను. అక్కడ దొరకని రకం ఉంటే డాక్టరు రాసిచ్చిన కాగితం మీద మందు అసలు పేరు చూసి ఇక్కడ జన ఔషధి షాపులో కొనుక్కెళ్లు. కంపెనీ పేరున్న మందు ధరలో సగం కూడా ఉండదు. ఒకసారి డాక్టరుకి చూపించి ఇదీ అదీ ఒకటేనని అడిగాకే మార్చండి. అమ్మకి పంపేది తగ్గకుండానే ఖర్చు తగ్గుతుంది.

పరవాడ బి షిఫ్ట్

ఇది ఎవరూ చెప్పలేదు పిన్నీ. ఈసారి ఊరెళ్లినప్పుడు ప్రిస్క్రిప్షన్ ఫొటో తీసుకొస్తాను.

సాగరతీరం

గ్యాసుకి దీపం పథకం చూశారా? ఏడాదికి మూడు సిలిండర్ల డబ్బు వెనక్కి అకౌంటులో పడుతుంది.

లెక్కల పంతులు

దానికి తెల్ల రేషను కార్డు ఉండాలండీ. పట్నంలో నెలకు 12,000 ఆదాయం పరిమితి. వీళ్లకి రాదు. ఇలాంటి ఇళ్లే మధ్యలో నలిగేది, పథకాలకి ఎక్కువ, ఖర్చులకి తక్కువ.

ఇప్పుడు అసలు అడగాల్సింది. అమ్మా, ఈ 46,000 ఎలా పెరిగిందో గుర్తుందా? నెల ఖర్చులతో ఒక్కటే అయుండదు.

గోపాలపట్నం అమ్మాయి

నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని స్టేట్‌మెంట్లు తీశాం. పాప ఆసుపత్రి 14,000. సంక్రాంతికి బట్టలు, ఊరి ప్రయాణం ఎనిమిది వేలు. జూన్‌లో పుస్తకాలు, యూనిఫారం, బూట్లు ఏడు వేలు. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్, ఇంకా రెండు పెళ్లిళ్ల చదివింపులు కలిపి ఐదు వేలు. బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు నాలుగు వేలు. మిగతాది నెలాఖరు కిరాణా.

లెక్కల పంతులు

చూశారా. ఆసుపత్రి పక్కన పెట్టండి, అది చెప్పి రాదు. సంక్రాంతి జనవరిలో వస్తుందని, బడి జూన్‌లో తెరుస్తారని మనకి ముందే తెలుసు. 8, 7, 5, 4 కలిపితే 24,000. పన్నెండు నెలలకి పంచితే నెలకు 2,000. ఇది కూడా అద్దెలాంటి ఖర్చే, కాకపోతే నెలనెలా వచ్చి అడిగే ఇంటాయన లేడు. ఈ 2,000 లెక్కలో రాయనంత కాలం ప్రతి పండగా కార్డు మీదే జరుగుతుంది. ఇప్పుడే మీకు కుదరదని తెలుసు. నాలుగు నెలల్లో ఫోన్ ఈఎంఐ అయిపోతుంది కదా, ఆ 1,900 అలవాటు పడ్డ డబ్బే. ఇంకో వంద వేసి ఆ నెల నుంచే వేరే అకౌంటులోకి మళ్లించండి. ఒక్క నెల చేతికి వచ్చిందంటే అది ఖర్చుల్లో కలిసిపోతుంది.

పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్టు) అయిదేళ్లది, మూడేళ్లు నిండేదాకా మూయడానికి ఉండదు, ఆ తర్వాత మధ్యలో తీసినా వడ్డీ తగ్గుతుంది. సంక్రాంతి డబ్బుకి మామూలు సేవింగ్స్ అకౌంటే నయం, ఏటీఎం కార్డు లేనిది.

ఆటోనగర్ అన్న

నేను ముందు చెప్పింది ఈ ఇంటికి పనికిరాదని ఇప్పుడు అర్థమైంది. ఇద్దరూ కలిసి స్టేట్‌మెంట్ తీశారు, అంతకన్నా ఏం కావాలి. ఒక్క సలహా. రోజు ఖర్చు ఫోన్ యాప్‌లో రాయడం చాలామందికి వారం కన్నా నడవదు. వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండరు ఉంటుంది కదా, ఆ తారీఖు గడిలోనే ఆ రోజు యూపీఐతో పోయింది ఒక్క అంకె రాయండి. ఏ ఖర్చో కూడా అక్కర్లేదు. మా ఆవిడ అలాగే రాస్తుంది. నెల మధ్యలో అటువైపు చూస్తే చాలు, చెయ్యి ఆగుతుంది.

దువ్వాడ కుర్రాడు

కూరలకి గోపాలపట్నం రైతు బజారే ఉంది కదా మీకు. బోర్డు మీద రాసిన రేటుకే ఇస్తారు. పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు ఉంటే తీసేయండి, ఒక కొత్తిమీర కట్ట కోసం తెరిస్తే మూడు వందలవుతుంది. చేపలు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో రేటు మండిపోతాయి, ఆ రెండు నెలలు గుడ్లతో గడిపేస్తాం మేము.

బ్యాంకు బాబాయి

ఇద్దరి బ్యాంకు అకౌంట్లలోనూ ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్కోదానికి రెండు లక్షలు. షిఫ్టు పని, రాత్రి బండి ప్రయాణం, ఇది వదలొద్దు.

గోపాలపట్నం అమ్మాయి

ఆలస్యంగా వస్తున్నాను, క్షమించండి. మీరందరూ సలహాలిచ్చారు కాబట్టి జరిగింది రాస్తున్నాను.

చీటీ పాడాను. 44,500 వచ్చింది. అదే రోజు కార్డుకి కట్టేశాం, తక్కువ పడ్డది ఆయన ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బుల్లోంచి వేసి బాకీ సున్నా చేశాం. కార్డు రద్దు చెయ్యలేదు. లిమిట్ పది వేలకి తగ్గించి, ఆన్‌లైన్ వాడకం ఆపేశాం. ఆసుపత్రికి తప్ప తియ్యకూడదని ఇద్దరం అనుకున్నాం, అది ఇప్పుడు బీరువాలో ఉంది. బండి ఈఎంఐ తేదీ మార్చలేదు. ఇంటాయన మాత్రం అద్దె పదో తారీఖుకి ఇమ్మన్నారు, అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. ఈఎస్ఐలో ముగ్గురి పేర్లూ ఎక్కాయి.

లెక్క ఇప్పుడు ఇలా ఉంది. 38,350లో కార్డు 2,400 పోతే 35,950. ఇంకా 650 తక్కువే. అత్తగారి మందులు సగం పీహెచ్‌సీలో దొరుకుతున్నాయి, మిగతావి జన ఔషధిలో తీసుకున్నాం. ఆవిడే ‘ఇంక రెండు వేలు చాలురా’ అని ఆయనతో ఫోన్లో అన్నారు. నేను అడగలేదు. దాంతో మూడు వందల యాభై మిగులుతుంది. గ్యాసు దగ్గర ఇంకా ఇరుకుగానే ఉంది.

ఇంటి ఖర్చుకి వేరే అకౌంటు తెరిచాం పిన్నీ. ఆయన ఎక్కువ, నేను తక్కువ వేస్తున్నాం. నా దగ్గర ఐదు వందలు, ఆయన దగ్గర ఐదు వందలు, వాటి లెక్క అడగకూడదు. అవి పై ఖర్చుల్లోంచే తీశాం, యాప్ తీసేశాక కిరాణా వెయ్యి తగ్గింది.

ఒక సందేహం. ఆంటీ కొత్త చీటీ మొదలుపెడుతున్నారు, లక్షది. చేరమని అడుగుతున్నారు, మొహమాటంగా ఉంది. ఏం చెప్పాలి?

పూర్ణా మార్కెట్

పాతదానికి కట్టాల్సినవి ఉన్నాయి ఆంటీ, అవి అయ్యాక చూద్దాం అని చెప్పు. అదే నిజం కూడా.

లెక్కల పంతులు

చేరొద్దమ్మా. ఫోన్ ఈఎంఐ పోయాక వచ్చే 1,900 సంక్రాంతికి, జూన్‌కి. పాత చీటీ అయ్యాక మిగిలే 2,500 ముందు గ్యాసుకి, తర్వాత పాప అడ్మిషన్‌కి. బండి అయ్యేదాకా కొత్తది ఏదీ ఎత్తుకోకండి. ఏదైనా లెక్క తేలకపోతే ఇక్కడే రాయండి, చూస్తాను.